కుక్కపిల్ల గీరితే ఏమవుతుందిలే అనుకుంటే

ఇంట్లో కోడలు నెల తప్పిందని తెలియగానే చాలామంది పెద్దవాళ్లు ముందు పిల్లిని బయటికి తరిమేస్తారు. అదే ఇంట్లో వీధిలోంచి తెచ్చిన కుక్కపిల్ల మనవడి చెయ్యి గీరితే మాత్రం, "పసికూన, దానికేం విషం ఉంటుందిలే" అని కాస్త పసుపు అద్ది ఊరుకుంటారు. నిజానికి ఎక్కువ టెన్షన్ పడాల్సింది ఈ గీతకే.

రేబిస్ వైరస్ ఆ జబ్బు సోకిన కుక్క చొంగలో ఉంటుంది. పన్ను లోతుగా దిగాలనేం లేదు, గోళ్లు గీరుకున్నా, చర్మం చిట్లిన చోట నాకినా ప్రమాదమే. అక్కణ్ణుంచి అది నరాల వెంట మెదడు వైపు పాకుతుంది. లక్షణాలు బయటపడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి వారమే, అరుదుగా ఏడాది. కరిచాక వేసినా టీకా పనిచేసేది ఈ వ్యవధి ఉండబట్టే. 1885లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కి పిచ్చికుక్క కరిచిన తర్వాతే టీకా మొదలుపెట్టాడు, పిల్లాడు బతికాడు. నీళ్లు చూస్తేనే గొంతు బిగుసుకుపోయే దశ వచ్చాక మాత్రం దాదాపు ఎవరూ దక్కరు. ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

గీత పడగానే చేయాల్సిన పని కుళాయి దగ్గరే ఉంది. ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకోండి, చాలామంది రెండు నిమిషాలకే ఆపేస్తారు. ఈ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చెదరగొడుతుంది. పసుపు, కారం, సున్నం ఆ పని చేయవు, పుండును రేపుతాయి. ఆ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ 14 సూదులు వేసే కాలం పోయింది, ఇప్పుడు చేతికే వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే, ముందే తయారైన ప్రతిరోధకాలు) కూడా ఎక్కిస్తారు. కుక్కను పది రోజులు గమనించమంటారు గానీ, అప్పటిదాకా సూది ఆపమని కాదు. ఇక కుక్కపిల్లలకు రేబిస్ టీకా మామూలుగా మూడు నెలల వయసులో వేస్తారు. కాబట్టి వీధిలో పుట్టిన పసికూనకి టీకా రక్షణ ఉందనుకోవడానికి లేదు.

పిల్లి సంగతి వేరు. గర్భిణికి తొలిసారి సోకితే కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే క్రిమి పిల్లి మలంలో వస్తుంది, నిజమే. అయితే పిల్లికి కొత్తగా సోకినప్పుడు ఒకటి రెండు వారాలే అలా వస్తుంది. పైగా మలం పడిన వెంటనే అంటదు, కనీసం ఒక రోజు గడవాలి. కోడలు కాక ఇంకెవరైనా ఏ రోజుది ఆ రోజు ఎత్తేస్తే సరిపోతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూర ద్వారా కూడా ఇదే క్రిమి రావచ్చు, కానీ వాటి మీద ఎవరికీ అనుమానం రాదు!

పిల్లికూనల నుంచి మామూలుగా అంటుకునేది తామర. గుండ్రటి మచ్చ, అంచున ఎర్రటి పొక్కులు, దురద. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీముతో దురద తగ్గినట్టే ఉండి మచ్చ పాకుతుంది. డాక్టర్ ఇచ్చిన ఫంగస్ మందు వాడుతూ, కూనకూ పశువైద్యుడి దగ్గర వైద్యం చేయించాలి, లేదంటే మళ్లీ అంటుకుంటుంది.