అప్‌డేట్ వచ్చిన రోజే దొంగకూ కబురందుతుంది

అడ్మిషన్ల సీజన్‌లో హనుమకొండ బస్టాండ్ దగ్గర ఏ జిరాక్స్ సెంటర్ ముందైనా ఓ పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది, ఒక్క కంప్యూటర్ మీద ఎంతమంది పని నడుస్తుందో. ఈఏపీసెట్ ఫారం, ఈపాస్ స్కాలర్‌షిప్ రెన్యువల్, ఆదాయం సర్టిఫికెట్, మధ్యలో ఒకరి పెన్‌డ్రైవ్, ఇంకొకరి వాట్సాప్. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఊళ్లోవాళ్ల ఆధార్ పీడీఎఫ్‌లన్నీ వరసగా కనిపిస్తాయి. వాటికి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారేమో, పేరులో మొదటి నాలుగక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. ఆ రెండూ దొరకని కాగితం ఆ షాపులో ఏముంటుంది? ఇంతలో స్క్రీన్ మూలన అప్‌డేట్ రెడీగా ఉంది, రీస్టార్ట్ చేయాలా అని ఓ డబ్బా లేస్తుంది. కౌంటర్ మీదున్న పిల్లవాడు చదవకుండానే మూసేస్తాడు. ఎందుకు మూశావంటే, "అప్‌డేట్ పెడితే సిస్టం స్లో అయితదన్నా. మధ్యల రీస్టార్ట్ అయిందంటే గిరాకీ పక్క షాపుకు పోతది."

అతను చెప్పేది పూర్తిగా తప్పేం కాదు, దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ అప్‌డేట్‌లో ఏముంటుందో చూడాలి. చాలామంది కొత్త హంగులు అనుకుంటారు, కానీ నెలనెలా వచ్చేవాటిలో ఎక్కువ భాగం మరమ్మతులే. విండోస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కోట్ల లైన్ల కోడ్ ఉంటుంది. రాసినవాళ్లు 'వాడేవాళ్లు ఇక్కడ పేరు టైపు చేస్తారు, ఇక్కడ తేదీ ఇస్తారు' అనుకుని రాస్తారు, దాడి చేసేవాడు సరిగ్గా వాళ్లు అనుకోనిదే ఇస్తాడు. 1988లో ఇంటర్నెట్ మీద మొదటిసారి పెద్దగా పాకిన మోరిస్ వార్మ్ (కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు తనంతట తానే పాకే ప్రోగ్రామ్) చేసింది అదే: 512 బైట్లు పట్టే జాగాలోకి 536 బైట్లు పంపింది. ఎక్కువైన ఆ కాస్తా మెమరీలో పక్కకు పొర్లి, ప్రోగ్రామ్ తర్వాత ఏం చేయాలో నిర్ణయించే చోట కూర్చుంది. ఇదేదో పాతకాలపు ముచ్చట అనుకోకండి, ఏటా తాము సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఇలా మెమరీని సరిగా వాడకపోవడం వల్ల వచ్చేవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది.

సెంటర్లకు బాగా తెలిసిన ఉదాహరణ చెప్తాను, ఫైళ్లను ఒకే కట్టగా కట్టి, మళ్లీ విప్పే విన్‌రార్. ట్రయల్ అయిపోయినా ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటుంది కాబట్టి మన దగ్గర అది లేని కంప్యూటర్ అరుదు. జిప్, రార్ లాంటి కట్టల్లో ఒక్కో ఫైల్ పక్కన దాని పేరు, విప్పినప్పుడు అది ఏ ఫోల్డర్‌లోకి వెళ్లాలో దారి రాసి ఉంటాయి. మీరు డెస్క్‌టాప్ మీద విప్పమంటే అది డెస్క్‌టాప్ దాటి పోకూడదు, ఆ హద్దు కాపాడాల్సింది విన్‌రార్. ఏస్ అనే పాత రకం కట్టల్ని విప్పడానికి అందులో వేరేవాళ్లు రాసిన ఓ చిన్న ఫైల్ ఉండేది, అది ఈ హద్దును సరిగా చూడదు. కట్టలో దారిని తెలివిగా రాస్తే ఫైల్ నేరుగా విండోస్ స్టార్టప్ ఫోల్డర్‌లో పడుతుంది, మర్నాడు పొద్దున కంప్యూటర్ ఆన్ చేయగానే దానంతటదే నడుస్తుంది. మీరు చేసిందల్లా 'ఎక్స్‌ట్రాక్ట్ హియర్' నొక్కడమే. ఈ లోపం దాదాపు 19 ఏళ్లు ఎవరి కంటా పడలేదు! చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు 2019 ఫిబ్రవరిలో బయటపెట్టారు. ఆ ఫైల్ సోర్స్ కోడ్ విన్‌రార్ వాళ్ల దగ్గర కూడా లేకపోవడంతో బాగుచేయలేక, దాన్ని మొత్తంగా తీసేసి 5.70 వెర్షన్ ఇచ్చారు.

ఆ తర్వాత జరిగిందే అసలు కథ. 19 ఏళ్లు ఎవరూ ముట్టని లోపాన్ని, విషయం బయటికొచ్చిన మొదటి వారంలోనే వందకు పైగా రకాలుగా వాడటం యాంటీవైరస్ సంస్థ మెకాఫీ గమనించింది. అందులో ఒకటి ఓ పాప్ పాటల ఆల్బమ్‌కు దొంగ కాపీ అన్న వేషంలో తిరిగింది. పైగా విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ అవదు, మనమే వెళ్లి కొత్తది దించుకోవాలి. 2023లో ఇంకో పెద్ద లోపం, 2025లో మళ్లీ ఈ దారి తప్పించే రకం లోపమే బయటపడ్డాయి. 7.13 కంటే పాతది మీ దగ్గర ఉంటే ఈ 2025 లోపం అందులో ఉన్నట్టే.

మనవాళ్లు తిరగేసి ఆలోచించేది ఇక్కడే. 'ఇన్నాళ్లూ ఏం కాలేదు, ఇంకో నెల ఆగితే ఏమవుతుంది' అంటారు. కానీ అప్‌డేట్ రాకముందు ఆ లోపం కొద్దిమందికే తెలిసి ఉంటుంది, ఒక్కోసారి ఎవరికీ తెలియదు. వచ్చిన రోజున పాత ఫైల్, కొత్త ఫైల్ రెండూ అందరి చేతిలో ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏ లైన్లు మారాయో చూపించే టూల్స్ ఉన్నాయి, మారిన చోటే లోపం ఉన్న చోటు. మైక్రోసాఫ్ట్ 2003 నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం మరమ్మతులు విడుదల చేస్తుంది, మనకు అది రాత్రి పదిన్నర, పదకొండున్నర అవుతుంది. అప్పటి నుంచి దాడి చేసేవాళ్లూ పని మొదలుపెడతారు. అంటే ఆలస్యం చేసిన కొద్దీ మనం పాత ప్రమాదంలో ఉండిపోవడం కాదు, కొత్తగా పెరిగిన ప్రమాదంలో ఉంటున్నాం.

2017లో వానాక్రై అనే వైరస్ అలాగే దెబ్బకొట్టింది. ఆ లోపం విండోస్‌లో ఫైళ్లు, ప్రింటర్లు పంచుకునే భాగంలో ఉంది, రెండు మూడు కంప్యూటర్లకు ఒకే ప్రింటర్ కలపడానికి సెంటర్లలో మామూలుగా వాడేదీ అదే. అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ దాన్ని కనిపెట్టి ఎవరికీ చెప్పకుండా తన అవసరానికి దాచుకుంది (ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు). 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ మరమ్మతు ఇచ్చింది. ఏప్రిల్‌లో ఎన్ఎస్ఏ ఆయుధం ఇంటర్నెట్‌లోకి లీకైంది. మే 12న వానాక్రై విరుచుకుపడి, దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి 300 డాలర్లు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల అపాయింట్‌మెంట్లు వేలల్లో రద్దయ్యాయి, మన పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లూ చిక్కుకున్నాయి. ఎవరూ ఏ లింకూ నొక్కాల్సిన పని లేకుండానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. అప్పటికి మందు చేతికొచ్చి దాదాపు రెండు నెలలైంది.

ఇప్పుడు సెంటర్ పిల్లవాడి మాటకొస్తే, అప్‌డేట్లు కూడా కొంప ముంచుతాయి, నిజమే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు ఫైల్ వల్ల 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో కూలబడ్డాయి, శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. పాత హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ అప్‌డేట్ దిగేటప్పుడు ముక్కుతుందన్నదీ అబద్ధం కాదు. అయినా నా లెక్క ఏమిటంటే, చెడిన అప్‌డేట్ వల్ల ఒకరోజు గిరాకీ పోతుంది, లోపం వల్ల పోయేది ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోని జనాల కాగితాలు. రెండోదాన్ని వెనక్కి తేలేం. టెన్షన్‌గా ఉంటే రెండు రోజులు ఆగి వేసుకోండి, రెండు నెలలు మాత్రం కాదు. షాపు తెరిచి ఉండే గంటల్ని విండోస్ సెట్టింగ్స్‌లో 'యాక్టివ్ అవర్స్'గా పెడితే ఆ టైంలో దానంతటది రీస్టార్ట్ అవదు.

అసలు చిక్కు దొంగ విండోస్‌తో. దాన్ని యాక్టివేట్ చేసే టూల్ నడవాలంటే యాంటీవైరస్ ఆపమంటారు, వేసిచ్చే మెకానిక్ అప్‌డేట్లు కూడా ఆపేసి మరీ ఇస్తాడు. విండోస్ 7కు 2020 జనవరిలోనే మరమ్మతులు ఆగిపోయాయి, విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత ప్రాసెసర్లను విండోస్ 11 ఒప్పుకోదు. కొత్త మెషీన్ కొనే స్థోమత లేకపోతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకోవచ్చు, ఫారాలు నింపడానికి కావాల్సింది బ్రౌజరే కదా. ప్రింటర్, వేలిముద్రల మెషీన్ అందులో పనిచేస్తాయో లేదో మాత్రం ముందు చూసుకోవాలి.

ఫోన్లకూ ఇదే లెక్క. గూగుల్ 2015 నుంచి ఆండ్రాయిడ్‌కు క్రమం తప్పకుండా మరమ్మతులు ఇస్తోంది, కానీ అవి మీ ఫోన్‌కు చేరాలంటే ఫోన్ తయారుచేసిన కంపెనీ పంపాలి, కంపెనీ కొన్నేళ్లకు చేతులెత్తేస్తుంది. అందుకే సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనడానికి షాపుకెళ్లినప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగే ముందు సెట్టింగ్స్ తెరిచి 'సెక్యూరిటీ అప్‌డేట్' అన్నచోట తేదీ చూడండి. రెండేళ్ల కిందటి తేదీ కనిపిస్తే అక్కడే అప్‌డేట్ వెతికించండి, కొత్తదేమీ రాకపోతే అందులో ఫోన్‌పే వేయకండి, పిల్లల ఆటలకైతే సగం ధరకు బేరమాడండి.