43 డిగ్రీల తలుపు

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా ఇంట్లో వండేది ఒక్కటే కూర. మా ఆయన దాని మీద ఇంకో చెంచా కారం చల్లుకుని తింటారు. నేను రెండో ముద్దకే చెంబెడు నీళ్లు తాగుతాను. 'ఉప్పూకారం తినే ఒళ్లేనా అది' అని మా అత్తగారు ఎగతాళి చేస్తారు. ఇది నాలుకలో తేడానా, అలవాటా, లేక నాలో ఏదైనా లోపమా?"

లోపమేమీ లేదమ్మా. ఉప్పూకారం తినడాన్ని మనవాళ్లు రోషానికి గుర్తుగా ఎప్పుడు మార్చారో గానీ, మిరపకాయకూ పౌరుషానికీ మధ్య ఏ నరమూ లేదు. మీ ప్రశ్నలో ఒక పొరపాటు మాత్రం ఉంది. అందరూ చేసేదే. కారాన్ని మీరు నాలుక ఖాతాలో వేశారు.

ఒక పచ్చిమిరపకాయను నిలువునా చీల్చి, గింజలు అంటుకుని ఉండే తెల్లటి కండను ముంజేతి లోపలివైపు రుద్ది చూడండి. కాసేపటికి అక్కడ చురచుర మొదలవుతుంది. చేతి మీద రుచి మొగ్గ ఒక్కటి కూడా లేదు. అదే చోట బెల్లం రుద్దినా తీపి తెలియదు. తొక్కు నూరిన చేత్తో కళ్లు నలుపుకున్నవారికి ఈ పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు. ఘాటంతా గింజల్లో ఉంటుందనే నమ్మకం కూడా ఇక్కడే వదిలేయండి. ఘాటు తయారయ్యేది ఆ తెల్లటి కండలో. గింజలు దాని పక్కన ఉండి అంటించుకుంటాయి, అంతే.

బడిలో జీవశాస్త్రం చెప్పినన్నాళ్లూ ఉగాది దగ్గరపడితే నాకు ఒక చిక్కు వచ్చేది. తెలుగు తరగతిలో రుచులు ఆరు, నా తరగతిలో ఐదు: తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసం చారులో, పుట్టగొడుగుల్లో తెలిసే ఉమామి. షడ్రుచుల్లోని కారం, వగరు నా లెక్కలో ఎగిరిపోయేవి. "అయితే ఉగాది పచ్చడి తప్పా సార్?" అని ఒక పిల్లవాడు నిలదీశాడు. తప్పు కాదు. పెద్దలు నోటికి కలిగే అనుభవాలను లెక్కపెట్టారు, మేము ఆ కబుర్లు మోసే తీగలను లెక్కపెడుతున్నాం. వగరు నోటి పొరను పట్టేసే స్పర్శ. కారం మంట. మాట పుట్టుక కూడా అదే చెబుతుంది: కారం సంస్కృత క్షారం నుంచి వచ్చిందంటారు, ఒరిసే, కాల్చే గుణమున్నదని అర్థం.

ఆ మంట కబురు మోసేది ముఖమంతటా పరుచుకున్న ఐదో కపాల నాడి. దాని కొసల్లో, కణాన్ని చుట్టి ఉండే పొరలో, టీఆర్‌పీవీ1 అనే ప్రోటీను ఉంటుంది. నాలుగు ముక్కలు గుండ్రంగా చేరి మధ్యలో సన్నని దారి వదిలిన నిర్మాణం అది. మామూలుగా ఆ దారి మూసి ఉంటుంది. దీన్ని నేను తలుపు అంటాను. వేడి సుమారు 43 డిగ్రీలు దాటితే ఈ తలుపు తెరుచుకుంటుంది. 43 అంటే ఎంతో నల్లగొండవాళ్లకు వివరించాలా? మే నెల మిట్టమధ్యాహ్నం గడియారం సెంటర్లో చెప్పుల్లేకుండా నిలబడక్కర్లేదు, నీడన నిలబడినా చాలు. తలుపు తెరుచుకోగానే బయట ఉన్న సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి తోసుకొస్తాయి, నాడి ఉలిక్కిపడుతుంది, మెదడుకు కబురు చేరుతుంది: కాలుతోంది.

ఇప్పుడు మిరపకాయ చేసే మోసం చూడండి. నోటిలో వేడి 37 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. తలుపు మూసే ఉండాలి. మిరపలోని క్యాప్సైసిన్ వచ్చి తలుపులో ఉన్న ఒక గూటిలో కూర్చుని గడియ వదులు చేస్తుంది. 43కి తెరుచుకోవలసినది 37కే తెరుచుకుంటుంది. నోట్లో ఏదీ కాలడం లేదు, అయినా లోపల మే నెల వచ్చేసిందని మెదడు నమ్ముతుంది. నమ్మాక మే నెలలో చేసే పనులన్నీ చేస్తుంది: ముఖం ఎర్రబారుస్తుంది, నుదుట చెమట పట్టిస్తుంది. కళ్లూ ముక్కూ కారడం మాత్రం దుమ్ము పడినప్పటి ఏర్పాటు, వచ్చినదాన్ని కడిగి బయటికి పంపడానికి.

ఈ తలుపును 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది. వాళ్లు వెతికింది వేడిని పసిగట్టే ప్రోటీను కోసం కాదు, మిరపకాయ ఎందుకు మండుతుందన్న ప్రశ్నకు జవాబు కోసం. దొరికిన ప్రోటీనును వేడి చేసి చూస్తే అది ఉష్ణమాపకం అని తేలింది. 2021లో మరో శాస్త్రవేత్త ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి జూలియస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. మన వంటింటి ప్రశ్న ఒకటి స్టాక్‌హోమ్ దాకా వెళ్లిందంటే నాకు ఇప్పటికీ సంబరమే.

గడియ వదులవడం అనే ఒక్క సంగతి పట్టుకుంటే వంటింటి రహస్యాలు వరుసగా విడిపోతాయి. అదే కారం, పొయ్యి మీది నుంచి అప్పుడే దించిన పప్పుచారులో ఎక్కువ మండుతుంది, పొయ్యి మొహమే చూడని పచ్చిపులుసులో తక్కువ మండుతుంది. ఎందుకంటే వదులైన తలుపును చారు వేడి ఇంకాస్త నెడుతుంది. చల్లటి నీళ్లు గుక్కపట్టి తాగితే హాయిగా ఉంటుంది, మింగిన మరుక్షణం మంట తిరిగొస్తుంది. నీటి చల్లదనం తలుపును మూయించింది గానీ గూటిలో కూర్చున్నవాణ్ని లేపలేదు. క్యాప్సైసిన్ కొవ్వులో కరిగే సరుకు, నీళ్లకు లొంగదు. పాలల్లో, మజ్జిగలో ఉండే కేసిన్ అనే ప్రోటీను దాన్ని అంటిపెట్టుకుని ఈడ్చుకుపోతుంది. కాబట్టి మిర్యాలగూడ సోదరి చెంబు మార్చనక్కర్లేదు, అందులోకి మజ్జిగ పోసుకుంటే చాలు.

మొదటి ముద్దకు రాని మంట రెండో ముద్దకు ఎందుకు వస్తుందన్నదానికీ జవాబు అక్కడే ఉంది. ఆ గూడు తలుపుకు వీధివైపున లేదు, ఇంటివైపున ఉంది. క్యాప్సైసిన్ కణం పొరను దాటుకుని లోపలికి వెళ్లి, లోపలి నుంచి గడియ తీయాలి. దానికి కొంత వ్యవధి పడుతుంది. 'ఇదేం కారం' అంటూ మనం మరో ముద్ద కలుపుకునేది సరిగ్గా ఆ వ్యవధిలోనే.

ఇక అసలు ప్రశ్న. ఒకే తలుపు, ఒకే కూర, మరి ఒకరికి మంట, ఇంకొకరికి చప్పదనం ఎలా?

తలుపు తెరుచుకున్నప్పుడు లోపలికి వచ్చిన కాల్షియమే తలుపును మూయించే పని కూడా మొదలుపెడుతుంది. అది కాల్మాడ్యులిన్ అనే ప్రోటీనును పట్టుకుంటుంది, కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును నిద్ర లేపుతుంది. ఆ ఎంజైము తలుపుకు తగిలించి ఉన్న ఫాస్ఫేటు బిళ్లలను ఊడబీకుతుంది. తలుపు పనిచేయడానికి కణం పొరలో ఉండవలసిన పీఐపీ2 అనే కొవ్వు పదార్థం కూడా ఖర్చయిపోతుంది. ఇదంతా కలిసి తలుపును బిగుసుకుపోయేలా చేస్తుంది. ఇందులో ఒక్క పేరూ గుర్తుపెట్టుకోకపోయినా పరవాలేదు. దొంగ లోపలికి వచ్చాడని తెలిశాక ఇంటివాళ్లు తలుపుకు బల్ల అడ్డం పెట్టుకోవడం లాంటిదని గుర్తుంటే చాలు.

1989లో బ్యారీ గ్రీన్ అనే పరిశోధకుడు నాలుక మీద తక్కువ గాఢత గల క్యాప్సైసిన్‌ను పదే పదే రాసి చూశాడు. నిమిషానికొకసారి ఆపకుండా రాస్తూ పోతే మంట పెరుగుతూ పోయింది. మధ్యలో కొన్ని నిమిషాలు ఆపి మళ్లీ రాస్తే మంట తగ్గింది. బల్ల అడ్డం పెట్టడానికి ఇంటివాళ్లకు ఆ కాస్త వ్యవధి కావాలన్నమాట. పెళ్లి పంక్తిలో వేటమాంసం వడ్డించినప్పుడు చూడండి. మంటకు భయపడి గబగబా ముగించాలనుకునేవాడు కన్నీళ్లు పెట్టుకుంటాడు. రెండు ముద్దలు తిని పక్కవాడితో భూముల ధరల గురించి కాసేపు మాట్లాడి మళ్లీ విస్తరి వైపు తిరిగినవాడు నిమ్మళంగా లేస్తాడు. మనం వాణ్ని గట్టివాడంటాం.

ఇది ఒక్క పూట సంగతి. రోజూ, ఏళ్ల తరబడి తింటే ఆ బిగుతు నిలిచిపోతుంది. మానేస్తే వదులవుతుంది. ఇది నాకు పుస్తకం చదవకముందే తెలిసింది. ఒకసారి కడుపులో పుండు వచ్చి ఆరు వారాలు చప్పిడి పథ్యం పెట్టారు. పెరుగన్నం, ఉడికించిన సొరకాయ, ఉప్పు తప్ప మరేదీ లేని పెసరకట్టు. మొదటి వారం గడ్డి తిన్నట్టుంది. మూడో వారానికి సొరకాయలో ఒక సన్నని తీపి ఉందని తెలిసింది. పథ్యం విడిచిన రోజు మా ఆవిడ జొన్నరొట్టె చేసి, పచ్చిమిరపకాయలు పెనం మీద మచ్చలు పడేదాకా కాల్చి, ఉప్పు, చింతపండు, వెల్లుల్లి వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరింది. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన తొక్కు, ఎప్పటి కొలతే. గోరంత రొట్టెకు అద్ది నోట్లో పెట్టుకున్నాను. చెవులు మూసుకుపోయాయి. ఎక్కిళ్లు వచ్చాయి. "కాయలు మార్చావా?" అని అడిగాను. మార్చలేదు. ఆరు వారాల్లో నా తలుపు బిగుతు వదిలింది.

ఇదే గుణాన్ని వైద్యులు మరింత ముందుకు తీసుకెళ్లారు. క్యాప్సైసిన్ 8 శాతం ఉన్న పట్టీని చర్మం మీద అంటిస్తే అక్కడి నొప్పి నాడుల కొసలు కొన్నాళ్లపాటు ముడుచుకుపోతాయి. సర్పి తగ్గాక నెలల తరబడి వేధించే నరాల నొప్పికి ఈ పట్టీని 2009లో యూరప్, అమెరికాలలో అనుమతించారు. మంటను మంటతోనే అలసిపోయేలా చేయడం.

అయితే ఓర్చుకోవడం వేరు, కోరుకోవడం వేరు. మీ ఆయన చెంచా కారం అదనంగా చల్లుకుంటున్నారంటే తలుపు బిగుసుకున్నందువల్లే కాదు, అది తెరుచుకోవాలని ఆయన కోరుతున్నారు. ఇదే నాకు అన్నిటికంటే వింత. పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మెక్సికో కొండ గ్రామాల్లో దీన్ని గమనించాడు. అక్కడి కుక్కలు, పందులు కారం కలిసిన ఎంగిళ్లు తింటూ పెరిగాయి. అయినా కారం పూసినదీ పూయనిదీ పక్కపక్కన పెడితే చప్పటిదే ముందు తిన్నాయి. మనుషుల పిల్లలు మాత్రం నాలుగైదేళ్లు దాటేసరికి పెద్దవాళ్ల గిన్నె వైపు చెయ్యి చాపుతారు. ప్రమాదం లేదని తెలిసిన భయాన్ని మనిషి ఆనందిస్తాడని రోజిన్ వివరణ. జాతరలో రంగులరాట్నం ఎక్కి కెవ్వుమని అరిచి, దిగి, మళ్లీ టికెట్ కొనడం ఇదే.

కారం అస్సలు తెలియని జీవులూ ఉన్నాయి. పక్షుల తలుపుకు వేడి తెలుస్తుంది, క్యాప్సైసిన్ తెలియదు. అందుకే రామచిలుక పండుమిరపకాయను ముక్కుతో చీల్చి తాపీగా తింటుంది. మిరప మొక్కకు కావలసింది అదే. జంతువులు గింజలను నమిలి పాడుచేస్తాయి, పక్షులు మింగి దూరంగా విసర్జిస్తాయి.

పుట్టుక పాత్ర కూడా కొంత ఉంది. ఫిన్లాండ్‌లో కవలల మీద చేసిన అధ్యయనంలో, కారాన్ని ఇష్టపడడంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో 18 నుంచి 58 శాతం వరకు జన్యువుల వాటా అని లెక్క తేలింది. కొలిచే పద్ధతిని బట్టి అంత ఎడం వచ్చింది. మిగిలినది పెరిగిన ఇల్లు, పెట్టిన చెయ్యి.

వేడి దేశాల్లో కారం ఎక్కువ తినడానికి కారణం ఆహారంలోని సూక్ష్మజీవులను చంపడమే అని చాలాకాలం పాఠం చెప్పాను. 2021లో 70 రకాల వంట సంప్రదాయాల నుంచి 33,750 వంటకాలను పరిశీలించినవారు ఆ వాదానికి బలం లేదన్నారు. లెక్కల్లో పేదరికంతో పొత్తు కనిపించింది. సరదా ఏమిటంటే, మసాలాలు ఎక్కువ వాడే దేశాల్లో రోడ్డు ప్రమాదాల మరణాలూ ఎక్కువే అని వాళ్లే చూపించారు. రెండు అంకెలు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పేదరికం మాట మాత్రం పాలమూరు పల్లెలకు కొత్త కాదు. కూర లేని పూట జొన్నరొట్టెకు గొడ్డుకారం, ఉల్లిగడ్డ తోడు. చిటికెడు కారంతో ఎండు రొట్టెకు నోట్లో నీళ్లూరతాయి, ముద్ద దిగుతుంది.

'తరతరాల నుంచి మనది కారం తినే గడ్డ' అనే మాటకు కూడా ఒక హద్దు ఉంది. మిరపకాయ అమెరికా ఖండపు కాయ, పోర్చుగీసు ఓడల్లో 16వ శతాబ్దంలో మన తీరానికి చేరింది. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయాన్ని చెక్కిన శిల్పులు మిరపకాయను కళ్లతోనైనా చూడలేదు. వాళ్ల కారం మిరియాలది, పిప్పళ్లది. మిరియంలోని పైపెరిన్ కూడా ఇదే తలుపు తడుతుంది, కాకపోతే అంత గట్టిగా కాదు.

అత్తగారు ఎండుమిరపకాయలతో దిష్టి తీసేవారైతే ఇంకో మాట. 'దిష్టి ఉంటే ఘాటు రాదు' అంటారు. భగభగమండే మంటలో వేస్తే ఘాటు మంటలోనే కాలిపోతుంది, నివురుగప్పిన బొగ్గుల మీద వేస్తే కాలకుండా పొగతో పైకి లేచి వీధంతా దగ్గిస్తుంది. పిల్లవాడికి దిష్టి తగిలిందా లేదా అన్నది పొయ్యి తేలుస్తుందన్నమాట.

మా మనవరాలికి ఐదేళ్లు. మొన్నటిదాకా కోడికూర ముక్కను వాళ్లమ్మ చిన్న గిన్నెడు నీళ్లలో కడిగి పెట్టేది. కడిగినా కొవ్వుకు అంటుకున్న కారం కొంత మిగిలే ఉంటుంది. అలా రోజుకింత చొప్పున తలుపుకు అలవాటవుతూ వచ్చింది. ఈ ఆదివారం ముక్కను కడగనివ్వలేదు. నీళ్ల గిన్నెను మాత్రం తన పక్కకు లాక్కుని, కంచం అంచుకు ఆనించి పెట్టుకుంది.