చక్రానికి వేసిన తాళం సైకిల్‌ని ఆపదు

గుణుపురం

పర్లాకిమిడిలో చదువుకుంటున్న మా మనవరాలికీ మనవడికీ తాతయ్య ఆశీస్సులు.

కొత్త గేరు సైకిళ్ళు వచ్చాయనీ, ఏ తాళం కొనాలో తేలక మీ ఇద్దరూ పేచీ పడుతున్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఒకరికి అంకెలు తిప్పి తెరిచే కేబుల్ నంబర్ లాక్ కావాలట, ఇంకొకరికి U అక్షరంలా వంచిన ఇనుప కడ్డీతో ఉండే యూ లాక్. ఇనుప సామాన్ల కొట్టు నడిపినన్నాళ్ళూ తాళాలు అమ్మాను, వాటిని కోసే బోల్ట్ కట్టర్లూ అమ్మాను. అందుకని ఈ తాళం గట్టిదేనా అని ఎవరడిగినా నేను ముందు చూసేది మూడే విషయాలు. తెంచడానికి ఏ పనిముట్టు కావాలి, ఎంతసేపు పడుతుంది, ఎంత చప్పుడవుతుంది. తెగని తాళమంటూ లేదు. దొంగ దగ్గర ఆ పనిముట్టు లేకపోయినా, అంతసేపు అక్కడ నిలబడే ధైర్యం లేకపోయినా మీ సైకిల్ మీకు దక్కుతుంది.

ముందు మీ అమ్మ పాత సైకిల్‌కి ఉన్న వెనక చక్రం తాళం సంగతి. అది చక్రాన్ని తిరగనివ్వదు, అంతే. సైకిల్‌ని దేనికీ కట్టదు. వెనక భాగం ఎత్తి పట్టుకుని ముందు చక్రం మీద తోసుకుపోవచ్చు, ఆటోలో పడేసుకుని పోవచ్చు. పైగా చవక రకాల్లో తాళం చెవుల నమూనాలు కొన్నే ఉంటాయి. స్కూల్లో ఒకేలాంటి సైకిళ్ళు వరసగా పెట్టినచోట ఒకరి చెవి ఇంకొకరి తాళానికి పట్టడం మీరూ చూసే ఉంటారు. సోడా తాగడానికి కొట్టు ముందు ఆగితే అది చాలు. ట్యూషన్ బయట రెండు గంటలు వదిలేయడానికి చాలదు.

నంబర్ లాక్ అడిగింది ఎవరో నాకు తెలుసులే, చెవులు పారేసుకునే వాళ్ళే అది అడుగుతారు. మూడంకెల తాళానికి 000 నుంచి 999 దాకా వెయ్యి నంబర్లు. ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా అన్నీ తిప్పి చూడడానికి అరగంట పైన ఇంకో మూడు నిమిషాలు. నాలుగంకెలైతే అయిదున్నర గంటలు పడుతుంది కానీ, చవక తాళాన్ని లాగి పట్టుకుని తిప్పితే సరైన అంకె దగ్గర వేళ్ళకి తేడా తెలిసిపోతుంది. అసలు దొంగకి అంత ఓపిక అక్కర్లేదు. ఆ కేబుల్ లావుగా కనిపించేది పైనున్న ప్లాస్టిక్ తొడుగు వల్ల. లోపల ఉన్నవి సన్నటి ఇనుప తీగలు. వైరు కత్తిరించే కట్టర్‌తో ఒక్కో పోగూ తెంపుకుంటూ పోవచ్చు, చప్పుడు కూడా రాదు. డబ్బు పెట్టి కొనదగ్గ వస్తువు కాదది.

గొలుసు, తాళం కప్ప విషయానికొస్తే, బజార్లో తూకానికి అమ్మే మామూలు గొలుసు మెత్తటి ఇనుము. హాక్సా బ్లేడుకి తేలిగ్గా లొంగుతుంది. సైకిళ్ళ కోసమని చేసే మంచి గొలుసు వేరు. దాని పైపొరని బాగా గట్టిపరుస్తారు, లోపలి ఇనుముని మాత్రం కాస్త సాగేలా ఉంచుతారు. మొత్తం గట్టిపరిస్తే సుత్తి దెబ్బకి పెళుక్కున విరిగిపోతుంది మరి. కొనేటప్పుడు కొట్టువాడినడిగి ఆకురాయి తీసుకుని ఒక లింకు మీద రుద్దండి. ఆకురాయి జారిపోతే గట్టిపరిచిన ఉక్కు, పొడి రాలితే మామూలు ఇనుము. రుద్దనివ్వకపోతే వేరే కొట్టు చూసుకోండి.

లావు సంగతి కూడా ఉంది. పది మిల్లీమీటర్ల లోపు గొలుసుని పెద్ద బోల్ట్ కట్టర్ కొరికేస్తుంది. పదహారు మిల్లీమీటర్లది చేతి కట్టర్‌కి లొంగదు గానీ, దాన్ని మోసుకుంటూ మీరు స్కూలుకి పోలేరు. నాలుగు పలకలుగానో ఆరు పలకలుగానో ఉన్న లింకులు గుండ్రటివాటికంటే కొంచెం నయం. ఎలాంటి గొలుసైనా నేలకి వేలాడనివ్వొద్దు. కట్టర్ ఒక పిడిని నేలకి ఆనించి రెండోదాని మీద ఒంటి బరువంతా వేస్తే చేతుల బలంతో తెగనిది కూడా తెగుతుంది. అన్నట్టు, ఎనిమిది వందల గొలుసుకి యాభై రూపాయల కప్ప తగిలించే మహానుభావుల్ని చాలామందినే చూశాను.

యూ లాక్ అడిగినవాళ్ళ వైపే నా ఓటు. అయితే దాని మీద కూడా గుడ్డి నమ్మకం వద్దు. 2004లో అమెరికాలో పెద్ద గోలైంది. క్రిప్టోనైట్ అనే పేరున్న కంపెనీ యూ లాకుల్లో గొట్టంలా ఉండే గుండ్రటి చెవి పట్టే రకం ఉండేది. బాల్‌పెన్ను ప్లాస్టిక్ గొట్టాన్ని ఆ రంధ్రంలోకి నొక్కి తిప్పితే తాళం ఊడొచ్చేది. మెత్తటి ప్లాస్టిక్ లోపలి పిన్నుల ఆకారాన్ని పట్టేసుకోవడమే కారణం. కంపెనీ ఆ తాళాలు వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పటికీ చవక రకాల్లో గుండ్రటి చెవి వస్తోంది, అది మాత్రం కొనకండి.

చిన్న యూ లాకే మేలు. లోపల ఖాళీ ఎక్కువుంటే గునపమో జాకీయో దూర్చి విరగదీస్తారు. బ్యాటరీ గ్రైండర్ తెస్తే ఇవేవీ ఆగవు, కానీ దాని మోతకి వీధంతా తిరిగి చూస్తుంది. అట్ట మీద భద్రతకి పదిహేనుకి పన్నెండు అని కంపెనీ వేసుకున్న మార్కులు నమ్మొద్దు, ఎవరి పేపరు వాళ్ళే దిద్దుకున్నట్టుంటుంది అది. బ్రిటన్‌లో సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ వాళ్ళు తాళాల్ని నిజంగా పగలగొట్టి చూసి కంచు, వెండి, బంగారం, వజ్రం అని గుర్తులిస్తారు. అలాంటి గుర్తుంటే దానికి విలువ ఉంది.

కట్టే పద్ధతి షెల్డన్ బ్రౌన్ అనే అమెరికా సైకిల్ మెకానిక్ చెప్పింది. వెనక చక్రం రిమ్మునీ స్తంభాన్నీ కలిపి యూ లాక్ వేయాలి, అదీ ఫ్రేములో సీటు కింది గొట్టాలు వెనక చక్రం దాకా పోయి చేసే త్రికోణం లోపల. ఫ్రేముకి తాళం తగలకపోయినా రిమ్ము ఆ త్రికోణంలోంచి బయటికి రాదు కాబట్టి రెండూ చిక్కుకుంటాయి. ముందు చక్రం మీ సైకిళ్ళకి మీట తిప్పితే ఊడేదైతే, షాపులో చెప్పి నట్లు వేయించుకోండి.

స్తంభం పైకి కూడా చూడండి. పొట్టిగా ఉంటే సైకిల్‌ని తాళంతో సహా పైకి లేపి తీసేస్తారు. వెదురు కంచె, లేత చెట్టు పనికిరావు. కరెంటు స్తంభానికి మాత్రం ఎప్పుడూ కట్టొద్దు, వర్షాకాలంలో అసలే వద్దు. తాళం రంధ్రం కిందికి ఉంచితే వాన నీళ్ళు చేరవు. బిగుసుకుపోతే పెన్సిలు ముల్లు పొడి కొంచెం పోయండి.

ఇంకొక్క పని ఈ రోజే చేయండి. సైకిల్ బోర్లా తిప్పి చూస్తే పెడల్ ఇరుసు కింద నంబరు గుద్ది ఉంటుంది, కొన్నిటికి సీటు గొట్టం దగ్గర ఉంటుంది. దాన్నీ బిల్లునీ ఫోటో తీసి మీ అమ్మ ఫోన్లో పెట్టండి. ఒడిశాలోని పర్లాకిమిడిలో పోయిన సైకిల్ కాసేపట్లో సరిహద్దు అవతల పాతపట్నంలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఉండొచ్చు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు రాసుకోవాలి, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. ఒడియాలో ఉన్న బిల్లు పాతపట్నం స్టేషన్లో చదవలేకపోయినా, ఇనుము మీద గుద్దిన ఆ నంబరుతో సైకిల్ మీదేనని చూపించొచ్చు.

మీ తాతయ్య