కేవర్కర్ ఎవరు? లినక్స్ కెర్నెల్‌లో నేపథ్య పనుల నిర్వహణ

లినక్స్ కంప్యూటరులో, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే ‘టాప్’ ఆదేశం ఇస్తే ‘కేవర్కర్/0:1’, ‘కేవర్కర్/యు8:2’ వంటి పేర్లు బారులు తీరి కనిపిస్తున్నాయనీ, ‘కిల్’ చేసినా పోవడం లేదనీ, ఇది వైరస్ కాదు కదా అనీ ఒక పాఠకుడు అడిగారు. ఆ పేరు తగిలించుకుని దాక్కునే దొంగ ప్రోగ్రాములు లేకపోలేదు. అసలైన కేవర్కర్లు మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ సొంత థ్రెడ్లు, అంటే అది తన పనుల కోసం విడిగా నడుపుకునే పనివాళ్లు; మామూలు ప్రోగ్రాములను ఆపే సంకేతాలు వాటిని తాకవు. ఆపినా ఆగనిదల్లా వైరసేనన్నది కంప్యూటర్ వాడేవారిలో పాతుకుపోయిన మూఢనమ్మకం.

డిస్కో, నెట్‌వర్క్ కార్డో ఇంటరప్ట్ (‘వెంటనే నన్ను గమనించు’ అనే సంకేతం) పంపినప్పుడు దానికి బదులిచ్చే కోడ్ నిద్రపోకూడదు, అంటే దేనికోసమూ ఆగి ఎదురుచూడకూడదు. అందువల్ల తీరిగ్గా చేయదగిన పనిని అది వర్క్‌క్యూలో, అంటే తర్వాత చేయాల్సిన పనుల వరుసలో, చేర్చి తప్పుకుంటుంది. 2010కి ముందు చాలా క్యూలు ఒక్కో సీపీయూకు ఒక్కో థ్రెడ్ చొప్పున సృష్టించుకునేవి. సీపీయూలు ఎక్కువగా ఉన్న కొన్ని యంత్రాల్లో బూట్ అయ్యేసరికే, ప్రాసెస్‌లకు (నడుస్తున్న ప్రోగ్రాములకు) కేటాయించిన సుమారు 32 వేల గుర్తింపు సంఖ్యలు నిండిపోయేవి. ఇన్ని థ్రెడ్లున్నా, ఒకటి నిద్రపోతే దాని వెనకున్న పనులు కదిలేవి కావు. ఆ ఏడాది కెర్నెల్ డెవలపర్ టేజున్ హియో 2.6.36 కెర్నెల్‌లో క్యూలను, పనివాళ్లను (వర్కర్ థ్రెడ్లను) విడదీశారు. ఈ వర్కర్లే మనకు కనిపించే కేవర్కర్లు. ఇప్పుడు ప్రతి సీపీయూకు మామూలు పనులకొకటి, అధిక ప్రాధాన్యం గల పనులకొకటి చొప్పున రెండు వర్కర్ బృందాలు ఉంటాయి.

ఇందులో నన్ను అబ్బురపరిచేది ‘ఎన్‌ఆర్_రన్నింగ్’ అనే ఒకే ఒక అంకె. బృందంలో నిద్రపోకుండా పనిచేస్తున్న వర్కర్లు ఎందరో అది చెబుతుంది. ఒకే కుట్టుమిషన్ ఉన్న దర్జీ దుకాణంలో ఒకరు కుడుతూ గుండీల కోసం బజారుకు లేచి వెళితే, ఆ క్షణమే మరొకరు మిషన్ మీద కూర్చోవాలి. ఒకరు కుడుతుండగా మరొకరిని కొత్త బట్ట మొదలుపెట్టనివ్వకూడదు. వర్కర్ నిద్రలోకి జారేముందు షెడ్యూలరే (సీపీయూ ఎవరి వంతో నిర్ణయించే కెర్నెల్ భాగం) ఈ అంకెను ఒకటి తగ్గిస్తుంది. అది సున్నాకు చేరి, క్యూలో పని మిగిలి ఉంటే, ఖాళీగా ఉన్న వర్కర్‌ను అక్కడికక్కడే లేపుతుంది. బజారుకు వెళ్లినవాడు తిరిగి వస్తే అంకె రెండవుతుంది. అప్పుడు ముందుగా పని ముగించినవాడు కొత్త బట్ట ముట్టకుండా పక్కకు తప్పుకుంటాడు. ఒక్కొక్కటి 4 మిల్లీసెకన్లు సీపీయూ వాడి, తర్వాత 12 మిల్లీసెకన్లు డిస్క్ కోసం ఎదురుచూసి ముగిసే పనులు మూడున్నాయనుకుందాం. ఒకే థ్రెడ్ వరుసగా చేస్తే 48 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ పద్ధతిలో మూడింటి నిరీక్షణలూ ఒకదానిమీదొకటి పడి 24తో సరిపోతుంది. రౌండ్ రాబిన్ (వంతులవారీ) లెక్కలు కట్టించడంతోనే షెడ్యూలింగ్ పాఠం ముగించే మన ఇంజనీరింగ్ తరగతుల్లో ఈ అంకెను తప్పక చూపించాలి.

అసలు నిద్రపోకుండా సీపీయూను పట్టుకు కూర్చునే పని వస్తే అంకె ఒకటి దగ్గరే ఆగిపోతుంది, వెనకున్నవన్నీ నిలిచిపోతాయి. అందుకే 2023లో వచ్చిన 6.5 కెర్నెల్ నుంచి, సాధారణంగా 10 మిల్లీసెకన్లు దాటిన పనిని కెర్నెల్ తనంతట తానే ఈ లెక్కలోంచి తీసేస్తుంది.

షెడ్యూలర్ లోపల ఉండగా కొత్త థ్రెడ్‌ను పుట్టించడం కుదరదు. కాబట్టి కనీసం ఒక్క ఖాళీ వర్కరైనా సిద్ధంగా ఉంటే తప్ప ఏ వర్కరూ పనులు అందుకోడు. లేకపోతే ముందు తానే ఒకరిని సృష్టిస్తాడు. ఇక్కడే చిక్కుముడి ఉంది. వర్కర్‌ను సృష్టించడానికి మెమరీ కావాలి. మెమరీ నిండిపోయినప్పుడు దాన్ని ఖాళీ చేయించే పనే, ఉదాహరణకు మురికి పేజీలను (మెమరీలో మారి ఇంకా డిస్కుకు చేరని సమాచారాన్ని) డిస్కుకు రాసే పని, క్యూలో వర్కర్ కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. ఈ ముడి పడకుండా, మెమరీని విడిపించే దారిలో ఉండే క్యూలకు ‘డబ్ల్యూక్యూ_మెమ్_రిక్లెయిమ్’ అనే గుర్తు పెడతారు. ఆ గుర్తున్న ప్రతి క్యూకూ ‘రెస్క్యూయర్’ అనే థ్రెడ్‌ను మెమరీ చాలినంత ఉన్నప్పుడే పుట్టించి పక్కన ఉంచుతారు. వర్కర్ సృష్టి ఆగిపోయినప్పుడు అదే ఆ క్యూలోని పనులను అందుకుంటుంది.