చందమామ ప్రయాణానికి ప్లేటు లెక్క

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, "1969లోనే చందమామ మీద మనుషుల్ని దింపిన నాసా ఇప్పుడు ల్యాండర్ కోసం ప్రైవేటు కంపెనీల్ని ఎందుకు అడుగుతోంది తాతయ్యా, వాళ్లకి చేతకాదా" అని. అది ఫోన్లో తేలేది కాదు, అందుకే రాస్తున్నా.

అసలు అప్పుడు కూడా నాసా అన్నీ సొంతంగా చేసుకోలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ దిగిన ల్యాండర్ గ్రమ్మన్ అనే కంపెనీ చేసిందే. తేడా అంతా బిల్లు దగ్గర.

మా చిన్నప్పుడు పెళ్లంటే పెరట్లో గాడిపొయ్యి తవ్వించి వంటవాళ్లని పిలిచేవాళ్లు. సరుకులన్నీ ఇంటివాళ్లవే, ఇంకో డబ్బా నెయ్యి కావాలంటే మాలాంటి పిల్లకాయల్ని కొట్టుకి తరిమేవాళ్లు, పోతే పోయాం గానీ వచ్చేటప్పటికి వేడివేడి బూరె ఒకటి చేతిలో పడేది, ఆ రుచి ఇప్పటి బఫేల్లో ఎక్కడుందిలే. సరే, అప్పటి చందమామ ప్రయాణాలు, అదే అపోలో, వాటి లెక్క కూడా అలాంటిదే, ఖర్చెంతయితే అంతా ఇచ్చి పైన కంపెనీకి లాభం. రష్యాతో పోటీ కదా, 1966లో అమెరికా ప్రభుత్వ ఖర్చులో నూటికి నాలుగు పైనే నాసాకి పోయింది. ఇప్పుడు అర కూడా లేదు.

అందుకని క్యాటరింగ్. ప్లేటుకింత అని మాట్లాడేసుకుంటే ఉల్లిపాయల రేటు పెరిగినా మనకనవసరం. 2021లో స్పేస్ఎక్స్‌కి 289 కోట్ల డాలర్లకి, 2023లో బ్లూ ఆరిజిన్‌కి 340 కోట్లకి ల్యాండర్ పని ఇలాగే ఇచ్చారు, ఒకళ్లు చేతులెత్తేస్తే ఇంకొకళ్లు ఉంటారని. అంతకు మించి అయితే వాళ్ల జేబులోంచే. ఆ గుండిగలతోనే ఇంకో నాలుగు పెళ్లిళ్లు చేసుకోవచ్చని వాళ్ల ఆశ.

మనుషుల్ని చందమామ వైపు పంపే నాసా సొంత పెద్ద రాకెట్ ఎస్ఎల్ఎస్ మాత్రం ఇంకా గాడిపొయ్యి పద్ధతే. స్పేస్ షటిల్ రోజుల్లో మళ్లీ మళ్లీ వాడిన రకం ఇంజన్లు నాలుగు పెట్టి ప్రతిసారీ సముద్రంలో వదిలేస్తారు, స్టీలు కంచాల్లో భోంచేసి విస్తళ్లతో పాటు పారేసినట్టు! రాకెట్టు, మనుషులు కూర్చునే నౌక, నేలమీది ఏర్పాట్లు అన్నీ కలిపి మొదటి నాలుగు ప్రయాణాలకి ఒక్కోదానికి 410 కోట్ల డాలర్లవుతుందని 2022లో నాసా సొంత ఆడిటరే చెప్పాడు.

అలాగని క్యాటరింగే గొప్పనుకోకండి. బంతి కూర్చున్నాక వ్యాను రాకపోతే ఎవరి పరువు పోతుంది? స్పేస్ఎక్స్ వాళ్ల ల్యాండర్ స్టార్‌షిప్ చందమామకి బయల్దేరాలంటే ముందు భూమి చుట్టూ తిరుగుతూనే వేరే ట్యాంకర్ల నుంచి ఇంధనం నింపుకోవాలి, అంత పెద్ద ఎత్తున అది ఎవరూ చేసింది కాదు. మనుషుల్లేని చిన్న ల్యాండర్లకీ ఇదే పద్ధతి పెట్టారు, 2024 జనవరిలో వెళ్లిన పెరెగ్రిన్ దిగనే లేదు, ఫిబ్రవరిలో ఒడిస్సియస్ దిగి పక్కకి ఒరిగింది. చవగ్గా కావాలన్నప్పుడు ఇలా కొన్ని ఒరుగుతాయి, ఒప్పుకోవాలి. సామాన్లయితే సరే, మనుషుల్ని పంపేటప్పుడు మాత్రం జవాబు చెప్పాల్సింది పెళ్లివారే, అంటే నాసాయే.

2025 మార్చి 2న అలాంటి చిన్న ల్యాండరే ఇంకొకటి, బ్లూ గోస్ట్, మాత్రం నిటారుగా దిగింది, మేర్ క్రిసియం అనే చోట. ఈసారి శుక్లపక్షంలో పంచమో షష్ఠో చూసుకుని పొద్దుగూకాక డాబా ఎక్కండి, వెలుగున్న అంచుకి దగ్గర్లో, మిగతా మచ్చలకి అంటుకోకుండా విడిగా కోలగా ఒక నల్లమచ్చ ఉంటుంది, అదే. ల్యాండర్ కనపడదులే. బుజ్జీ కళ్లజోడు మర్చిపోకు, బాబాయి బైనాక్యులర్స్ అడిగి తీసుకోండి, మచ్చ ముందు ఎవరికి దొరికిందో నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ తాతయ్య