గాజు మీద వెండి, వెనక బంగారం

ఓరోటోన్ అనే పాత ఫోటో పద్ధతిలో బొమ్మను గీసేది బంగారం కాదు, వెండి. గాజు పలక మీద జెలటిన్ పొర, అందులో నల్లటి వెండి రేణువులతో ఏర్పడిన పాజిటివ్ బొమ్మ, ఆ పొర వెనక బంగారు పూత. మనం చూసేది గాజు వైపు నుంచి. నీడలున్న చోట వెండి వెలుగును మింగేస్తుంది. వెలుతురున్న చోట జెలటిన్ ఖాళీగా ఉంటుంది కాబట్టి వెనకున్న బంగారం మెరుస్తుంది. మామూలు ప్రింటులో కాగితపు తెలుపు చేసే పని ఇక్కడ బంగారానిది. అమెరికాలోని సియాటిల్‌లో స్టూడియో నడిపిన ఎడ్వర్డ్ కర్టిస్ (1868–1952) ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. తన పేరు కలిపి వీటిని కర్ట్-టోన్ అన్నాడు. ఓరోటోన్ అనే పేరులో బంగారం (లాటిన్‌లో ఆరమ్) ఉన్నా ఇలాంటి పలకల వెనక సాధారణంగా పూసేది రాగి, జింకు కలిసిన పొడి, అంటే మెత్తగా నూరిన ఇత్తడి.

కొత్తగా చేసేవాళ్ళ పలకలు ఎక్కువగా పాడయ్యేది ఒకే కారణంతో. కిటికీకి ఎదురుగా పట్టి చూసినప్పుడు నిండుగా కనిపించిన బొమ్మ పూత పడగానే మసిబారిపోతుంది. వెలుగు వెండి పొరను రెండుసార్లు దాటాలి మరి. ఒక చోట పొర సగం వెలుగును వదులుతుందనుకోండి. బంగారం దాకా చేరేది సగం, తిరిగి కంటికి వచ్చేది అందులో సగం, అంటే నాలుగో వంతు. పదో వంతు వదిలే చోట మిగిలేది నూరో వంతే. పైగా బంగారం తెల్ల కాగితమంత వెలుగును తిప్పి పంపదు: ఎరుపులో 90 శాతానికి పైగా పంపినా, నీలంలో 40 శాతం దగ్గరే ఆగిపోతుంది. అందుకే పలకను కిటికీ దగ్గర కాదు, తెల్ల పింగాణీ పళ్ళెం మీద ఆనించి చూడాలి. అక్కడా వెలుగు రెండుసార్లు దాటుతుంది గనక తీర్పు సరిగ్గా వస్తుంది. పళ్ళెం మీద ‘కాస్త పాలిపోయిందే’ అనిపించిన పలకే బంగారం మీద నిలబడుతుంది. గాఢత కొలిచే మీటరుంటే అతి నల్లటి చోట 1.0 (పదో వంతు వెలుగును వదిలేంత నలుపు) నుంచి 1.2 చాలు.

ఈ లెక్కే ఏ ఫోటో పనికొస్తుందో కూడా చెబుతుంది. చెన్నైలోని మైలాపూరు గోపురం లాంటి, అంగుళం అంగుళానికీ శిల్పమున్న దృశ్యం బంగారం మీద ముద్దగా మారుతుంది. మెరీనాలో పొద్దు పొడిచే వేళ, తడి ఇసుక, ఒక పడవ నీడ: ఇలాంటి బొమ్మకు ఈ పద్ధతి ప్రాణం పోస్తుంది. ఆకాశం, నీళ్ళు ఖాళీగా ఉన్న చోటే బంగారానికి పని. ఇంకో సంగతి, చూసేది గాజు వైపు నుంచి కాబట్టి కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎన్‌లార్జర్‌లో (నెగటివ్ బొమ్మను పెద్దది చేసి పలక మీద వేసే యంత్రం) నెగటివ్‌ను మామూలుకు భిన్నంగా, ఎమల్షన్ వైపు, అంటే బొమ్మ ఉన్న జెలటిన్ పొర వైపు, దీపం కేసి ఉండేలా పెట్టాలి. దుకాణం బోర్డున్న ఫోటో అయితే ఈ పొరపాటు మొదటి చూపులోనే బయటపడుతుంది.

గాజు 2 లేదా 3 మిల్లీమీటర్ల మామూలు కిటికీ గాజే. అంచులు సానపట్టించుకోండి, లేకపోతే వేళ్ళు తెగుతాయి, పూత కూడా అంచు నుంచే ఊడుతుంది. మెత్తటి సుద్దపొడి, స్పిరిట్ కలిపి రెండు వైపులా రుద్ది కడిగాక నీళ్ళు చుక్కలుగా విడిపోకుండా ఒకే రేకులా పరుచుకోవాలి. విడిపోతే ఇంకా జిడ్డుందన్నమాట. తర్వాత పట్టు పూత, అంటే ఎమల్షన్ గాజును పట్టుకునేలా ముందుగా వేసే పొర: లీటరు నీటిలో 5 గ్రాముల జెలటిన్‌ను 60 డిగ్రీలు దాటకుండా కరిగించి, చల్లారాక జెలటిన్‌ను గట్టిపరిచే క్రోమ్ ఆలం 0.5 గ్రాము కలిపి, వడగట్టి, పలకను ముంచి నిలబెట్టి ఆరబెట్టాలి. దీన్ని వదిలేస్తే ఎమల్షన్ డెవలపర్‌లోనే (బొమ్మను బయటికి తెచ్చే ద్రావణం) అంచుల దగ్గర జాకెట్టు కుచ్చుల్లా లేచిపోతుంది.

అసలు పరీక్ష ఎమల్షన్ పోయడంలో ఉంది. చెన్నైలో అది మరీ కఠినం. ద్రవ ఎమల్షన్‌ను, అంటే వెలుగు తగిలితే మారే వెండి లవణాలున్న జెలటిన్‌ను, ఎర్ర దీపం వెలుగులో 40 డిగ్రీల నీటి తొట్టిలో కరిగించి, 4×5 అంగుళాల పలక మధ్యలో 5 మిల్లీలీటర్లు పోసి, నాలుగు మూలలకూ వంచి, మిగిలింది వేరే గిన్నెలోకి ఒంపుతారు. ఆ తర్వాత పలక మీది పొర వెంటనే గడ్డకట్టాలి. 32 డిగ్రీల గదిలో జెలటిన్ గడ్డకట్టదు. అలా జారుతూనే ఉండి ఒక మూల మందంగా, ఇంకో మూల పలచగా మిగులుతుంది. పరిష్కారం మన వంటింట్లోనే ఉంది: కడప బండ. ఐసు సంచి పెట్టి చల్లార్చి, తడి తుడిచి, నీటిమట్టంతో సమంగా సర్దిన కడప బండ మీద పలకను పెడితే కొన్ని నిమిషాల్లో పొర బిగుస్తుంది. బండ మీద చెమ్మ పడితే పలక అతుక్కుంటుంది కాబట్టి తుడవడం మరిచిపోకూడదు. ఆ తర్వాత ఏసీ గదిలో, వెలుగు చొరని పెట్టెలో రాత్రంతా ఆరాలి. సముద్రపు తేమలో ఏసీ లేకుండా ఆరబెడితే మధ్యభాగం ఆలస్యంగా ఆరి, చుట్టూ వలయం పడుతుంది. ఆ మచ్చ బంగారం మీద నూరు రెట్లు కనిపిస్తుంది.

ఆరిన పలక మీద ఎన్‌లార్జర్‌తో బొమ్మ వేశాక డెవలపర్‌లో ముంచాలి. డి-72 అనే డెవలపర్‌ను ఒకటికి మూడు పాళ్ళ నీటితో పలుచన చేస్తే బొమ్మ మెత్తగా వస్తుంది. అన్ని తొట్లూ 20 డిగ్రీల దగ్గర, ఒకదానికొకటి 2 డిగ్రీల తేడా మించకుండా ఉండాలి. మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్ళు నేరుగా పోస్తే జెలటిన్ ఉబ్బి ముడతలు పడుతుంది. ఐసును సీసాలో మూసి బయటి తొట్టిలో పెట్టండి, ద్రావణంలో వెయ్యకండి. డెవలపర్ తర్వాత ఘాటైన ఆమ్లపు తొట్టి వద్దు: డెవలపర్‌లోని కార్బొనేట్‌తో కలిసి వాయువు పుట్టి పొర కింద బుడగలు లేస్తాయి. మామూలు నీళ్ళలో కడిగి, పటిక కలిసిన హైపోలో (బొమ్మను స్థిరపరిచే ద్రావణం) వెయ్యండి. పటిక జెలటిన్‌ను గట్టిపరుస్తుంది. గాజు హైపోను పీల్చుకోదు కాబట్టి 20 నిమిషాల కడుగుడు సరిపోతుంది. చివరి కడుగుడు మాత్రం బోరు నీటితో వద్దు, ఆ ఉప్పు తెల్ల చుక్కలుగా మిగులుతుంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి.

పలక పూర్తిగా ఒక రోజు ఆరాకే బంగారం. అసలు బంగారు రేకు అద్దవచ్చు. లీటరు నీటికి అర గ్రాము లోపు జెలటిన్ కలిపిన పలుచటి జిగురు చాలు. కానీ గాజు వెనక రేకు అద్దంలా పనిచేస్తుంది. ఎదురుగా వెలుగున్న వస్తువు ఉంటేనే బొమ్మ తేలుతుంది, లేకపోతే వెలుతురు భాగాలు కూడా చీకటిగానే ఉంటాయి. ఇత్తడి పొడి అయితే వెలుగును అన్ని వైపులకూ చెదరగొడుతుంది గనక ఏ మూల నుంచి చూసినా బొమ్మ వెలుగుతుంది. ఖర్చు సంగతి పక్కన పెట్టినా పొడే మేలు.

పొడిలోనూ రెండు రకాలు. ఒకటి పైకి తేలేది. అందులో రేణువులు వార్నిష్ పైభాగానికి, అంటే మన కంటికి దూరంగా చేరతాయి. తేలని రకాన్ని అడిగి తీసుకోండి. పాత స్టూడియోల్లో పొడిని అరటిపండు వాసన వచ్చే అమైల్ అసిటేట్‌తో కలిపేవారు. ఆమ్లగుణమున్న నూనె వార్నిష్‌లో రాగి పచ్చబడుతుంది. ఒక పాలు పొడికి మూడు నాలుగు పాళ్ళ నైట్రోసెల్యులోజ్ లాకర్ కలిపి, బుడగలు పోయేదాకా ఆగి, పలక మీద పోసి ఒంపండి. కుంచె పెడితే గీతలు పడతాయి. గాజు వైపు నుంచి కనిపించేది మొదటి పొర ఒక్కటే, తర్వాత ఎంత పూసినా దాన్ని దిద్దలేం. తలుపులు తెరిచి, ముక్కుకు మాస్కు పెట్టుకుని, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని చెయ్యాలి.

ఆరాక దీపానికి ఎదురుగా పట్టి సూదిరంధ్రాలు వెతకండి. ఉంటే రెండో పూత. దాని మీద నల్లరంగు, అదీ నీటితో కలిపే యాక్రిలిక్ మాత్రమే. థిన్నర్ కలిసిన పెయింటు కింది లాకర్‌ను కరిగించి బంగారాన్ని కదిలించేస్తుంది. చెన్నై గాలిలోని ఉప్పు ఇత్తడిని నల్లబరుస్తుంది కాబట్టి వెనక ఇంకో గాజు పెట్టి, నాలుగు అంచులూ టేపుతో మూసి ఫ్రేము కట్టించండి.