సూది గుచ్చకుండానే చెప్పగలమా?

పొద్దున్నే నిద్ర లేచిన నాలుగేళ్ళ పిల్లవాడి కళ్ళు రెండూ ఉబ్బి ఉంటాయి. మధ్యాహ్నానికి ఆ ఉబ్బు సగానికి తగ్గిపోతుంది కనుక, నిద్ర ఎక్కువై ఉంటుందని గాని, దోమ కుట్టి ఉంటుందని గాని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుంటారు. వరసగా నాలుగు రోజులు అలాగే ఉంటే కంటి డాక్టరు దగ్గరికో, ఎలర్జీ మాత్రల కోసం మందుల షాపుకో వెళతారు. ఆ తరవాత ఒకరోజు స్నానానికి నిక్కరు విప్పేటప్పుడు, నడుము చుట్టూ ఎలాస్టిక్ దిగిన గాడి ఎప్పుడూ లేనంత లోతుగా కనిపిస్తుంది. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి నింపాదిగా పూడుతుంది. ఒంటికి నీరు పట్టిందని అప్పటికి తెలుస్తుంది. రాత్రంతా పడుకున్నప్పుడు కంటి చుట్టూ ఉండే వదులు చర్మంలోకి చేరిన నీరు, పిల్లవాడు లేచి తిరగడం మొదలుపెట్టాక కాళ్ళలోకి దిగుతుంది. మధ్యాహ్నానికి కళ్ళు తేలికపడటానికి కారణం అదే. జబ్బు మూత్రపిండాలది, దాని పేరు నెఫ్రోటిక్ సిండ్రోమ్.

దీన్ని పసిగట్టే పరీక్ష చాలా పాతది. గాజుగొట్టంలో మూడింట రెండు వంతుల మేరకు మూత్రం పోసి, గొట్టాన్ని అడుగున పట్టుకుని, పై భాగాన్ని మాత్రమే మంట సెగకు పెట్టాలి. అల్బుమిన్ అనే ప్రొటీన్ ఉంటే, వేడికి కోడిగుడ్డు తెల్లసొన గడ్డకట్టినట్టే, పై భాగం తెల్లగా మసకబారుతుంది; కింది భాగం తేటగానే ఉండిపోతుంది కాబట్టి తేడా ఇట్టే తెలిసిపోతుంది. ఫాస్ఫేట్ లవణాల వల్ల కూడా ఇలాంటి మసక రావచ్చు గాని, ఎసిటిక్ ఆమ్లం కొన్ని చుక్కలు వేస్తే ఆ మసక విడిపోతుంది, అల్బుమిన్‌ది నిలిచి ఉంటుంది. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఒంటికి నీరు పట్టిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద కాచి చూసేవాడు. ఆ పరిశీలనలను ఆయన 1827లో ప్రచురించాడు. ఇప్పుడు రంగు మారే పట్టీలు వచ్చాయి, కాని అవి చెప్పేదీ అదే: మూత్రపిండాల జల్లెడలోంచి ప్రొటీన్ కారిపోతోందని.

ఎందుకు కారిపోతోందన్నది మాత్రం పట్టీ చెప్పలేదు. ఆ ప్రశ్నకు జవాబుగా 1950లలో బయాప్సీ వచ్చింది. వీపు వైపు నుంచి పొడవాటి సూదిని మూత్రపిండంలోకి దించి, దారం పోగంత ముక్కను తీసి, సూక్ష్మదర్శిని కింద చూడటమే బయాప్సీ. పెద్దవాళ్ళయితే ఊపిరి బిగబట్టి కదలకుండా పడుకోగలరు. మూడేళ్ళ పిల్ల పడుకోలేదు. మత్తు ఇవ్వాలి, ఆ తరవాత గంటల తరబడి రక్తస్రావం అవుతోందేమోనని కనిపెట్టుకుని ఉండాలి. అందువల్ల పిల్లల వైద్యంలో రోగనిర్ధారణ మీద జరిగిన పరిశోధనలో చాలా భాగం ఒక విచిత్రమైన లక్ష్యంతో సాగింది. కొత్త పరీక్షను కనిపెట్టడం ఒక పని అయితే, ఉన్న పరీక్షను ఏ బిడ్డకు చేయనక్కరలేదో ధైర్యంగా చెప్పగలగడం అంతకంటె కష్టమైన పని.

ఆ రెండో పనిని 1960ల చివర్లో కొన్ని దేశాల వైద్యులు కలిసి తలకెత్తుకున్నారు. పిల్లల మూత్రపిండ వ్యాధుల అంతర్జాతీయ అధ్యయనం పేరుతో, నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్న సుమారు 500 మంది పిల్లలకు మందు మొదలుపెట్టకముందే బయాప్సీ చేశారు. వాళ్ళలో నాలుగింట మూడు వంతులకు పైగా పిల్లల ముక్కల్లో సాధారణ సూక్ష్మదర్శినికి చెప్పుకోదగ్గ మార్పేదీ కనిపించలేదు. ఆ జబ్బుకు పేరే 'అత్యల్ప మార్పు వ్యాధి' అయింది. 1981లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ రకం పిల్లల్లో నూటికి 93 మంది ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్‌తో ఎనిమిది వారాల్లో తేరుకున్నారు. ఇంతమంది తేరుకుంటున్నప్పుడు ముందు సూది వేసి తరవాత మందు ఇవ్వడం కంటె, ముందు మందు ఇచ్చి, లొంగని పిల్లలకే సూది వేయడం మేలు కదా! అప్పటినుంచి మందుకు లొంగడమే ఒక పరీక్ష అయింది. ఏడాది నిండని పసికందులకు, మూత్రం ఎర్రగా వచ్చేవాళ్ళకు, ఆరు వారాల మందుకూ మూత్రం తేటపడని పిల్లలకు బయాప్సీ అవసరం రావచ్చు. మిగతావాళ్ళ వైద్యం చాలావరకు వాళ్ళమ్మ చేతిలోని నోటుపుస్తకంలో నడుస్తుంది. రోజూ పొద్దున మొదటి మూత్రంలో పట్టీ ముంచి చూసి రాసుకోవడం, వరసగా మూడు రోజులు మూడు ప్లస్సులు కనిపిస్తే జబ్బు తిరగబెట్టిందని డాక్టరుకు కబురు చేయడం ఆమె పని. మన దేశపు పిల్లల మూత్రపిండ వైద్యుల సంఘం మార్గదర్శకాల్లో జబ్బు తిరగబెట్టడానికి నిర్వచనం కూడా ఇదే. ఇంత ముఖ్యమైన కొలతను ఇంట్లో మనిషికి అప్పగించిన జబ్బులు ఎక్కువ ఉండవు.

మార్పు లేదన్నది అక్షరాలా నిజం కాదు. 1957లోనే మెరిలిన్ ఫార్కర్, ఆమె సహచరులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి, జల్లెడకు కాపలాగా ఉండే కణాల పాదాలు చదునై కలిసిపోయాయని చూపించారు. ఆ పాదాల మధ్య వలను అల్లే నెఫ్రిన్ అనే ప్రొటీన్‌ను, పుట్టుకతోనే ఈ జబ్బు వచ్చే ఫిన్లాండ్ కుటుంబాల జన్యువుల్లో వెతుకుతూ కార్ల్ ట్రిగ్వసన్ బృందం 1998లో పట్టుకుంది. ఇక 2024లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, పిల్లల్లో చాలామంది ఒళ్ళు ఈ నెఫ్రిన్ మీదికే యాంటీబాడీలను ఉసిగొల్పుతోందని తేల్చింది. పరీక్షించిన 182 మంది పిల్లల్లో 94 మందికి అవి ఉన్నాయి. జబ్బు చురుగ్గా ఉండి, మందులింకా మొదలుపెట్టని పిల్లలను విడిగా లెక్కిస్తే ఆ సంఖ్య నూటికి 90. మూత్రపిండంలో సూది గుచ్చి కూడా చూడలేకపోయినదాన్ని చేతినుంచి తీసిన రక్తం చెబుతుందన్న మాట. ఈ పరీక్ష ఇంకా ఊరి ల్యాబుల దాకా రాలేదు.

ల్యాబుల మాట వచ్చింది కనుక, తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడే కాగితం గురించి చెప్పాలి. మూత్రపిండాల పనితీరుకు కొలతగా రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. అది కండరాల్లో పుట్టి మూత్రంలో పోయే వ్యర్థం. చాలా రిపోర్టుల్లో పక్కన అచ్చువేసే మామూలు హద్దులు పెద్దవాళ్ళవి, కొంచెం అటూ ఇటూగా 0.6 నుంచి 1.2 మిల్లీగ్రాములు. మీటరు పొడవున్న ఒక పిల్లకు 0.8 వచ్చిందనుకోండి. కాగితం మీద అది హద్దుల్లోనే ఉంది, పక్కన నక్షత్రం గుర్తయినా పడదు. కాని ఆ పిల్లకున్న కండ ఎంత, దాంట్లో పుట్టే క్రియాటినిన్ ఎంత? జార్జ్ ష్వార్ట్జ్ 1976లో సూచించి, 349 మంది పిల్లల్లో మరింత కచ్చితమైన పద్ధతితో సరిచూసి 2009లో సవరించిన సూత్రం ప్రకారం, పిల్ల ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని 0.413తో హెచ్చవేసి క్రియాటినిన్‌తో భాగిస్తే వడపోత వేగం వస్తుంది. 100ను 0.413తో హెచ్చవేస్తే 41.3, దాన్ని 0.8తో భాగిస్తే సుమారు 52. ఆ వయసుకు ఉండవలసింది 90కి పైనే. మామూలుగా ఉందన్న పిల్లకు మూత్రపిండాలు సగం పనే చేస్తున్నాయి! అదే పిల్లకు 0.4 వచ్చి ఉంటే లెక్క 103, నిక్షేపంగా ఉన్నట్టు. ఇందుకు కావలసిన అదనపు పరికరం గోడకు కొట్టిన ఎత్తు కొలిచే పట్టీ ఒక్కటే. ఎత్తు రాయని రిపోర్టు పిల్లల విషయంలో సగం రిపోర్టేనని నా అభిప్రాయం.

అసలు మూత్రం పట్టడమే ఒక పెద్ద పని. నెలల బిడ్డకు సంచి అతికిస్తే చర్మం మీది క్రిములు అందులో కలిసి, లేని ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు కనబడుతుంది. మెల్‌బోర్న్ వైద్యులు 354 మంది పసిపిల్లల మీద చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో, పొత్తికడుపు మీద చల్లటి నీటిలో తడిపిన గుడ్డతో మెల్లగా రుద్దితే ఐదు నిమిషాల్లో నూటికి 31 మంది మూత్రం పోశారు. ఊరికే కాచుకుని కూర్చుంటే 12 మందే. చన్నీళ్ళు తగిలితే బిడ్డ తడిపేస్తుందని మన అమ్మమ్మలకు తెలియనిది కాదు, కాని ఎంతమందికి పనిచేస్తుందో లెక్కగట్టి చూపించడంతో అది వైద్యమైంది.

జీర్ణవ్యవస్థ విషయంలోనూ ఒంటినుంచి బయటికి వచ్చేదాన్ని చూడటమే ఒక్కోసారి ప్రాణం నిలబెడుతుంది. పుట్టిన బిడ్డకు కామెర్లు మామూలే. చాలామందికి రెండు వారాల్లో తగ్గిపోతాయి. తగ్గకపోతే, ఎండలో పడుకోబెట్టమనే సలహాతో మరో నెల గడిచిపోతుంది. ఆ బిడ్డల్లో కొద్దిమందికి కాలేయం నుంచి పేగుకు పైత్యరసం వెళ్ళే నాళమే మూసుకుపోయి ఉంటుంది. మలానికి పసుపు రంగునిచ్చేది ఆ రసమే కనుక, ఆవపిండి రంగులో ఉండవలసిన మలం సున్నంలానో, బంకమట్టిలానో పాలిపోతుంది. రంగులేకుండా ఉండవలసిన మూత్రం గుడ్డ మీద పచ్చటి మరక వేస్తుంది. పాలే కదా తాగేది, అందుకే తెల్లగా ఉందని అనుకునేవాళ్ళు ఉంటారు. జపాన్ శస్త్రవైద్యుడు మోరియో కసాయ్ 1950లలో రూపొందించిన ఆపరేషన్‌తో పేగునే పైకి తెచ్చి కాలేయానికి కలపవచ్చు, కాని బిడ్డకు 60 రోజులు నిండేలోపు చేస్తేనే అది ఫలించే అవకాశం బాగా ఉంటుంది. తైవాన్ 2004లో ప్రతి తల్లికీ ఇచ్చే ఆరోగ్య పుస్తకంలో మలం రంగుల బొమ్మలున్న కార్డును చేర్చింది. 60 రోజుల్లోపు ఆపరేషన్ జరిగిన బిడ్డలు ఆ ఏడాది నూటికి 60 మంది అయితే, మరుసటి ఏడాదికి 74 మంది అయ్యారు. రక్తపు చుక్క తీయకుండా, అచ్చువేసిన కాగితంతో సాధించిన ఫలితం ఇది.

గోధుమలోని గ్లూటెన్ పడక పేగు గోడ అరిగిపోయే సీలియాక్ వ్యాధి కథలో సూది బదులు నోట్లోంచి పేగులోకి దించే గొట్టం ఉంటుంది. యూరప్ వైద్యులు 1969లో స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్‌లో సమావేశమై పెట్టుకున్న నియమం ప్రకారం మూడుసార్లు పేగు ముక్క తీయాలి: గోధుమ తింటున్నప్పుడు ఒకసారి, మాన్పించాక ఒకసారి, మళ్ళీ తినిపించి ఒకసారి. 1990లో మూడును ఒకటికి తగ్గించారు. జబ్బులో తయారయ్యే యాంటీబాడీ టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేస్ అనే ఎంజైము మీదికి పోతుందని 1997లో తెలిశాక, రక్తపరీక్ష మీద నమ్మకం పెరిగింది. 21 దేశాల్లో 707 మంది పిల్లల మీద జరిపిన పరిశీలన ఆ నమ్మకాన్ని గట్టిపరచింది. ఆ యాంటీబాడీ హద్దుకు పదిరెట్లు మించి, మరో రక్తపు నమూనాలో రెండో యాంటీబాడీ కూడా కనిపిస్తే, తల్లిదండ్రుల సమ్మతితో గొట్టం వేయకుండానే జబ్బును ఖాయం చేయవచ్చునని 2020 నాటి నియమాలు చెబుతున్నాయి.

ఇది ఉత్తరాది జబ్బని మన వైపు ఒక మాట ఉంది. అందులో నిజం లేకపోలేదు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉత్తరాదిన నూటికి 1.23 మందికి, దక్షిణాదిన 0.10 మందికి రక్తంలో సీలియాక్ యాంటీబాడీలు కనబడ్డాయి. అయితే ఆ జబ్బుకు తావిచ్చే జన్యువు రెండుచోట్లా ఇంచుమించు సమానంగానే ఉంది. తేడా కంచంలో ఉంది: అక్కడ మనిషి రోజుకు తినే గోధుమ సగటున 455 గ్రాములైతే ఇక్కడ 25 గ్రాములు. రాత్రిపూట చపాతీలు అలవాటైన ఇళ్ళలో, ఎత్తు పెరగక, ఐరన్ మందుకు రక్తం పట్టక, కడుపు ఉబ్బరంతో ఉన్న పిల్ల ఉంటే ఈ పరీక్ష గుర్తుకు రావాలి. పరీక్షకు ముందే గోధుమ మాన్పిస్తే మాత్రం యాంటీబాడీలు తగ్గిపోయి అది ఏమీ చెప్పదు.

పేగూ మూత్రపిండమూ ఒకే జబ్బులో కలిసేచోట ఈ లెక్కంతా తిరగబడుతుంది. రక్త విరేచనాలై తగ్గుతున్న బిడ్డ ఉన్నట్టుండి పాలిపోతుంది, మూత్రం తగ్గిపోతుంది; రక్తాన్ని గాజుపలక మీద పూసి చూస్తే ఎర్రకణాలు ముక్కలై కనిపిస్తాయి, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. 1955లో స్విస్ వైద్యుడు గాసర్ దీనికి హీమోలిటిక్ యురీమిక్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. పాశ్చాత్య దేశాల్లో ప్రధాన దోషి ఈ.కోలై ఓ157 అనే బ్యాక్టీరియా అని 1980లలో తేలింది. వెల్లూరు వైద్యులు 1978లోనే దక్షిణ భారత పిల్లల్లో షిగెల్లా జిగట విరేచనాల వెంట ఇది వస్తోందని రాశారు. కాని 2014లో ప్రచురితమైన భారతీయ అధ్యయనంలో, ఈ జబ్బు వచ్చిన 246 మంది పిల్లల్లో 138 మందికి కారణం సొంత ఒళ్ళు తయారుచేసిన యాంటీబాడీలుగా కనిపించింది. రోగనిరోధక వ్యవస్థలో కాంప్లిమెంట్ అనే దాడికి కళ్ళెం వేసే ఫ్యాక్టర్ హెచ్ అనే ప్రొటీన్‌ను అవి పట్టేసుకుంటాయి. అలాంటి బిడ్డకు ప్లాస్మా మార్పిడి (బిడ్డ రక్తంలోని ద్రవాన్ని తీసి దాతలది ఎక్కించడం) వెంటనే మొదలుపెట్టి, యాంటీబాడీలను అణిచే మందులు కలిపి ఇవ్వాలి. విరేచనాల క్రిమి తెచ్చిన జబ్బుకు ఆ దారి పనికిరాదు.

అందుచేత ఇక్కడ సూది తప్పించడానికి వీల్లేదు, ఆలస్యం చేయడానికీ వీల్లేదు. ప్లాస్మా ఎక్కించాక తీసిన రక్తంలో బిడ్డ ప్రొటీన్లేవో దాతవేవో కలగాపులగమై ఫలితం మసకబారుతుంది. పరీక్ష చేసే ల్యాబు ఏ దూరపు నగరంలో ఉన్నా సరే, మొదటి ప్లాస్మా సంచి తగిలించేలోపే ఒక గొట్టం రక్తం తీసి, పేరు రాసి, చల్లగా భద్రపరచాలి.